ఫౌజులో ఉంటూనే బీకాం, ఎంబీఏ: అగ్నివీరుల ఇళ్లలో తెలిసి ఉండాల్సిన సంగతులు

తాడేపల్లిగూడెం మండలంలోని మాధవరాన్ని చుట్టుపక్కల ఎవరూ ఉత్త మాధవరం అనరు, మిలటరీ మాధవరం అంటారు. మొదటి ప్రపంచ యుద్ధానికి ఆ ఊరి నుంచి 90 మంది, రెండో యుద్ధానికి వెయ్యి మందికి పైగా వెళ్లారని ఊరివాళ్లు లెక్క చెబుతారు. తాత సుబేదారు, తండ్రి హవల్దారు, కొడుకు సిపాయి. ఇలాంటి ఇళ్లు అక్కడ వీధికి కొన్ని ఉంటాయి. గూడెం పట్టణం పక్కనే ఆ యుద్ధం నాటి విమానాల రన్‌వే కూడా ఉంది. ఫౌజు అనేది ఈ ప్రాంతానికి కొత్త మాట కాదు.

కొత్తది ఏమిటంటే, ఫౌజు నుంచి పాతికేళ్లు నిండకుండానే తిరిగి వచ్చే కుర్రాళ్లు. పాత పద్ధతిలో సిపాయిగా చేరినవాడు పదిహేనేళ్లు దాటాక పింఛనుతో ఇంటికి వచ్చేవాడు. డిగ్రీ లేకపోయినా మాజీ సైనికుల కోటాలో బ్యాంకు గార్డో, మరో ఉద్యోగమో చూసుకునేవాడు. 2022 జూన్ 14న కేంద్రం ప్రకటించిన అగ్నిపథ్ ఆ లెక్కను మార్చేసింది. పదిహేడున్నర నుంచి 21 ఏళ్ల మధ్య చేరతారు, నాలుగేళ్లు చేస్తారు, ఆ తర్వాత ప్రతి వందమందిలో 25 మంది వరకే శాశ్వత సర్వీసులోకి వెళ్తారు. మిగతావాళ్లు ఇంటికి వస్తారు. పింఛను లేదు, గ్రాట్యుటీ లేదు. తొలి బ్యాచ్ శిక్షణలో చేరింది 2022 చివర, 2023 మొదట్లో. అంటే వాళ్ల నాలుగేళ్లు పూర్తయ్యేది 2026 చివర, 2027 మొదట్లో.

ఏలూరు, కైకలూరు, ఆకివీడు, తాడేపల్లిగూడెం చుట్టుపక్కల ముస్లిం ఇళ్ల నుంచి కూడా ఈ పథకంలో చేరినవాళ్లు, చేరాలని గ్రౌండులో పరుగులు తీస్తున్నవాళ్లు ఉన్నారు. సైన్యంలో మతం, కులం కోటాలు లేవు. రాష్ట్రంలో ముస్లింలకు చదువుల్లో, ఉద్యోగాల్లో ఉన్న బీసీ-ఈ నాలుగు శాతం అక్కడ పనిచేయదు. పరుగు, కొలతలు, రాత పరీక్ష, వైద్య పరీక్ష, అంతే. గెలిచినవాడికి ఇంట్లో దావత్ చేస్తారు. నాలుగేళ్ల తర్వాత ఏమిటన్న ప్రశ్న మాత్రం ఆ దావత్‌లో ఎవరూ అడగరు. అడగాల్సింది అప్పుడే. ఎందుకంటే సర్వీసులో ఉండగానే వ్యాపార సంబంధ డిగ్రీ పూర్తిచేసే దారి ఒకటి ఉంది, అది మొదటి ఏడాది నుంచే మొదలైతే తప్ప నాలుగేళ్లలో తెగదు.

ముందు డబ్బు లెక్క

అగ్నివీరుడి జీతం మొదటి ఏడాది నెలకు 30,000, రెండో ఏడాది 33,000, మూడో ఏడాది 36,500, నాలుగో ఏడాది 40,000 రూపాయలు. ఇందులో ప్రతి నెలా 30 శాతం సేవా నిధి కోసం పట్టుకుంటారు. కాబట్టి మొదటి ఏడాది చేతికి వచ్చేది 21,000, చివరి ఏడాది 28,000. పట్టుకున్న మొత్తం నాలుగేళ్లలో సుమారు 5.02 లక్షలు అవుతుంది. అంతే మొత్తం ప్రభుత్వం కూడా వేస్తుంది. రెండూ కలిపి 10.04 లక్షలు. బయటకు వచ్చేటప్పుడు ఇచ్చేది సుమారు 11.71 లక్షలు అని ప్రకటనలో ఉంది. మధ్యలో తేడా, దాదాపు 1.67 లక్షలు, వడ్డీ. దీనిమీద ఆదాయపు పన్ను లేదు.

ఈ విడివిడి లెక్క చాలా ఇళ్లలో తెలియదు. "పదకొండు లక్షలు వస్తాయంట" అన్న మాటే తెలుసు. వడ్డీ విషయంలో జాగ్రత్తగా ఉండే కుటుంబాలకు అసలు ఎంత, వడ్డీ ఎంత అన్నది విడిగా తెలియడం ముఖ్యం. ఆ వడ్డీ భాగాన్ని ఏం చేయాలన్నది ఊరి ముఫ్తీ సాబ్‌నో, నమ్మకమున్న ఆలిమ్‌నో అడిగి తేల్చుకోవాల్సిన సంగతి. అడగడానికి వెళ్లేటప్పుడు ఈ అంకెలు చేతిలో ఉంటే జవాబు కూడా తేటగా వస్తుంది.

ఇంకో సంగతి. శాశ్వత సర్వీసుకు ఎంపికైన ఆ 25 శాతం వాళ్లకు ఈ 11.71 లక్షలు రావు. వాళ్ల సొంత వాటా, దానిమీద చేరినది మాత్రమే ఇస్తారు. వాళ్లకు ఉద్యోగం ఉంది కాబట్టి. అంటే ఇంట్లోవాళ్లు "పర్మనెంట్ అయితే ఉద్యోగమూ వస్తుంది, పదకొండు లక్షలూ వస్తాయి" అని ముందే ఇల్లు కట్టే లెక్కలు వేసుకుంటే అది తప్పుడు లెక్క.

డిగ్రీలో సగం శిక్షణతోనే

ఇక చదువు. అగ్నిపథ్ ప్రకటించిన మర్నాడే, 2022 జూన్ 15న, కేంద్ర విద్యాశాఖ అగ్నివీరుల కోసం మూడేళ్ల ప్రత్యేక డిగ్రీని ప్రకటించింది. దీన్ని నడిపేది ఇగ్నో, అంటే ఇందిరాగాంధీ జాతీయ సార్వత్రిక విశ్వవిద్యాలయం. 1985లో పార్లమెంటు చట్టంతో ఏర్పడిన కేంద్ర విశ్వవిద్యాలయం ఇది. ఈ డిగ్రీ ప్రత్యేకత ఏమిటంటే, కావాల్సిన క్రెడిట్లలో సగం అగ్నివీరుడు సర్వీసులో పొందే శిక్షణకే ఇస్తారు. డ్రైవింగు, సిగ్నల్సు, స్టోర్సు, రిపేరు, ఏ పని నేర్చుకుంటే ఆ నైపుణ్యానికే క్రెడిట్లు. మిగతా సగం మాత్రం చదివి, పరీక్ష రాసి తెచ్చుకోవాలి.

ఆ చదవాల్సిన సగంలో సబ్జెక్టులు చాలా ఉన్నాయి. భాషలు, అర్థశాస్త్రం, చరిత్ర, వాణిజ్యం, టూరిజం, వ్యవసాయం వగైరా. ప్రకటించిన జాబితాలో జ్యోతిషం కూడా ఉంది. అక్కర్లేనివాళ్లు దాన్ని వదిలేయొచ్చు, ఎంపిక విద్యార్థిదే. పర్యావరణం, ఇంగ్లీషులో మాట్లాడటం, రాయడం అందరికీ ఉంటాయి. మొదటి ఏడాది చాలు అనుకుంటే సర్టిఫికెట్, రెండేళ్లకు డిప్లొమా, మూడేళ్లు పూర్తిచేస్తే డిగ్రీ. మధ్యలో ఆగిపోయినా చదివింది వృథా కాకుండా చేసిన ఏర్పాటు అది.

వ్యాపారం వైపు చూసే కుర్రాడికి ఇందులో రెండు రకాలు పనికొస్తాయి. ఒకటి బీకాం అప్లయిడ్ స్కిల్స్. రెండోది బీఏ అప్లయిడ్ స్కిల్స్‌లో ఎంఎస్ఎంఈ, అంటే చిన్న, మధ్యతరహా పరిశ్రమల కోర్సు. పేరులో బీఏ అని ఉందని చిన్నచూపు చూడక్కర్లేదు. చేపల వ్యాపారమో, వెల్డింగ్ షాపో, తివాచీల వ్యాపారమో చేయాలనుకునేవాడికి రెండోదే దగ్గరి చదువు. బ్యాంకు, అకౌంట్సు ఉద్యోగాల వైపు వెళ్లాలనుకుంటే బీకాం మేలు. కోర్సులో చేరే ముందు ఇంట్లో మాట్లాడుకోవాల్సిన ఒకే ఒక్క ప్రశ్న ఇది: బయటకు వచ్చాక ఉద్యోగమా, వ్యాపారమా?

పదో తరగతితో చేరినవాడి సంగతి వేరు. డిగ్రీకి ఇంటర్ కావాలి. పదో తరగతి అగ్నివీరులు జాతీయ సార్వత్రిక పాఠశాల, అంటే ఎన్ఐఓఎస్ ద్వారా పన్నెండో తరగతి పూర్తిచేసేలా కూడా విద్యాశాఖ ఏర్పాటు చేసింది. కానీ దానికే ఏడాది పోతే డిగ్రీకి మిగిలేది సరిగ్గా మూడేళ్లు. ఒక్క పరీక్ష తప్పినా నాలుగేళ్లు దాటిపోతుంది. అందుకే ఇంటర్ రెండో ఏడాది చదువుతున్న పిల్లాడు ర్యాలీ ఉందని పరీక్షలు ఎగ్గొట్టకూడదు. ఇంటర్ పాసై వెళ్లినవాడికీ, పది పాసై వెళ్లినవాడికీ నాలుగేళ్ల చివర ఒక డిగ్రీ అంత తేడా ఉంటుంది.

ఆన్‌లైనా, దూరవిద్యా

ఈ రెండు మాటల్నీ ఒకటిగా వాడేస్తారు కానీ యూజీసీ దృష్టిలో రెండూ వేరు. 2020 సెప్టెంబరులో వచ్చిన నిబంధనల ప్రకారం దూరవిద్య అంటే పుస్తకాలు ఇంటికి వస్తాయి, దగ్గర్లో స్టడీ సెంటర్ ఉంటుంది, అక్కడ అప్పుడప్పుడూ క్లాసులు. ఆన్‌లైన్ అంటే పాఠాలు, వీడియోలు, పరీక్షల సాధన అంతా విశ్వవిద్యాలయం పోర్టల్‌లోనే. రెండింట్లో ఏది చదివినా, అనుమతి ఉన్న కోర్సయితే, కాలేజీకి వెళ్లి చదివిన డిగ్రీతో సమానమని యూజీసీ 2022లో మళ్లీ స్పష్టంగా చెప్పింది.

జవానుకు వీటిమధ్య అసలు తేడా సరిహద్దులో కనిపిస్తుంది. రాష్ట్ర విశ్వవిద్యాలయాలు దూరవిద్యను తమ రాష్ట్రం పరిధిలోనే నడపాలి. ఏలూరు కుర్రాడు ఊళ్లో ఉన్నప్పుడు రాష్ట్రంలోని ఏదో ఒక విశ్వవిద్యాలయం దూరవిద్యలో బీకాం చేరి, తర్వాత పోస్టింగు పంజాబ్‌కో అస్సాంకో వస్తే, పరీక్ష కోసం ప్రతిసారీ ఆంధ్రకు రావాలి. అగ్నివీరుడికి ఏడాదికి ఉండే సెలవే 30 రోజులు. రైలు ప్రయాణానికే రానూపోనూ వారం పోతుంది. ఆన్‌లైన్ కోర్సుకు ఈ హద్దు లేదు. ఇగ్నో కేంద్ర విశ్వవిద్యాలయం కాబట్టి దేశమంతా కేంద్రాలు ఉన్నాయి, పోస్టింగు మారితే పరీక్షా కేంద్రం మార్చుకోవచ్చు. సైన్యం, నౌకాదళాలతో కలిసి ఇగ్నో ప్రత్యేక ప్రాంతీయ కేంద్రాలు కూడా నడుపుతోంది. నౌకాదళానికి అలాంటి కేంద్రం విశాఖపట్నంలో ఉంది. ఇంట్లోవాళ్లు ఏదైనా కాగితం కోసం తిరగాలంటే ఏలూరుకు దగ్గరి ఇగ్నో ప్రాంతీయ కేంద్రం విజయవాడలో ఉంది.

దేశంలో సార్వత్రిక విశ్వవిద్యాలయం అన్నది మొదట పుట్టిందే తెలుగు నేల మీద. 1982లో హైదరాబాదులో ఆంధ్రప్రదేశ్ సార్వత్రిక విశ్వవిద్యాలయం మొదలైంది, ఇప్పుడు దాని పేరు డాక్టర్ బి.ఆర్. అంబేద్కర్ సార్వత్రిక విశ్వవిద్యాలయం. పనిచేసుకుంటూ చదివే అలవాటు ఈ రాష్ట్రానికి నలభై ఏళ్లకు పైబడినది. ఉర్దూ మీడియంలో చదివినవాళ్లకు హైదరాబాదులోనే 1998లో ఏర్పడిన మౌలానా ఆజాద్ జాతీయ ఉర్దూ విశ్వవిద్యాలయం దూరవిద్యలో డిగ్రీలు ఇస్తోంది.

భాష దగ్గరే ఒక చిక్కు ఉంది. ఫౌజులో మాట హిందీ. ఇంట్లో ఉర్దూ మాట్లాడే ఏలూరు కుర్రాడికి అది రెండోరోజే నాలుకకు పడుతుంది. తోటి తెలుగు కుర్రాళ్లు నెలల తరబడి తంటాలు పడుతుంటే ఇతను వాళ్లకు అనువాదకుడు అవుతాడు. కానీ ఇగ్నో పుస్తకాలు ఉండేది ఇంగ్లీషులో, లేదా దేవనాగరి లిపి హిందీలో. మాట వచ్చినంత మాత్రాన ఆ లిపిలో అకౌంటెన్సీ పుస్తకం చదవలేడు. ఇంట్లో తెలుగే మాట్లాడే నూర్‌బాషా, దూదేకుల కుటుంబాల పిల్లలకు మాట కూడా కొత్తే. హిందీ వచ్చు కదా అని తొందరపడి హిందీ మీడియం టిక్ పెట్టేసి మొదటి పరీక్షలోనే చతికిలపడటం కన్నా, ఇంగ్లీషు మీడియం పెట్టుకుని మొదటి ఆరు నెలలు కాస్త కష్టపడటమే నయం. యూనిట్లో ఆర్మీ ఎడ్యుకేషన్ కోర్ వాళ్లు ఉంటారు. చదువు విషయం మొదట అడగాల్సింది వాళ్లనే.

షేక్, ఎస్‌కే, ఎస్.కె.

ముస్లిం ఇళ్లలో పిల్లల చదువు ఆగేది చాలాసార్లు తెలివి లేక కాదు, పేరు కుదరక. పదో తరగతి మెమోలో "షేక్" అని పూర్తిగా ఉంటుంది, ఆధార్‌లో "ఎస్‌కే" అని ఉంటుంది, బ్యాంకులో ఇంటిపేరు చివరికి పోయి ఉంటుంది. మహమ్మద్ అన్నది ఒకచోట "ఎండీ", ఇంకోచోట "మొహమ్మద్". తండ్రి పేరులో ఖాదర్, ఖాదిర్. తల్లి పేరు చివర బీ ఉంటుందో, బేగం ఉంటుందో ఎవరికీ గుర్తుండదు.

ఇదివరకు గుమస్తా చూసీచూడనట్టు వదిలేసేవాడు. ఇప్పుడు చూసేది మనిషి కాదు, కంప్యూటరు. 2024-25 నుంచి దూరవిద్యలో గానీ ఆన్‌లైన్‌లో గానీ చేరే ప్రతి విద్యార్థీ యూజీసీ దూరవిద్యా బ్యూరో వెబ్‌సైట్‌లో డెబ్-ఐడీ తీసుకోవాలి. దానికి ముందు అకడమిక్ బ్యాంక్ ఆఫ్ క్రెడిట్స్‌లో ఖాతా ఉండాలి. ఆ ఖాతా డిజీలాకర్, ఆధార్‌తో ముడిపడి ఉంటుంది. అక్కడ ఒక పేరు, సర్టిఫికెట్‌లో ఇంకో పేరు ఉంటే చిక్కు మొదలు. సైన్యం రికార్డు మూడోది. దానిలో పేరు దిద్దించాలంటే అఫిడవిట్టు, పత్రికా ప్రకటన, యూనిట్ ద్వారా ఉత్తర్వు, నెలల పని. కుర్రాడు సరిహద్దులో, కాగితాలు ఏలూరులో. అందుకని ర్యాలీకి దరఖాస్తు పెట్టకముందే పదో తరగతి మెమోలో ఉన్నది ఉన్నట్టుగా ఆధార్ దిద్దించుకోవాలి. మెమోను ఆధార్‌కు సరిచేయడం కన్నా ఆధార్‌ను మెమోకు సరిచేయడం ఎంతో సులువు.

మోసం ఎక్కడ

డెబ్-ఐడీ వల్ల ఒక మేలు కూడా ఉంది. ఐడీ లేకుండా "మేం చేర్చేస్తాం, మీరు ఫీజు కట్టండి చాలు" అనేవాడు ఎవరైనా మోసగాడే. నాలుగేళ్ల డిగ్రీ నాలుగు నెలల్లో ఇప్పిస్తామనేవాళ్లు, పాత తేదీతో చేర్చుకుంటామనేవాళ్లు, "ఫౌజీలకు పరీక్ష అక్కర్లేదు" అనేవాళ్లు ప్రతి బస్టాండు దగ్గరా ఒక బోర్డుతో కనిపిస్తారు. నిబంధనల్లో ఫ్రాంచైజీ అన్నదే లేదు. విశ్వవిద్యాలయం తన చదువును ఇంకొకరి చేతికి అద్దెకు ఇవ్వకూడదు. విదేశీ విశ్వవిద్యాలయం పేరుతో మధ్యవర్తి సంస్థలు ఆన్‌లైన్‌లో అమ్మే డిగ్రీలు చెల్లవని కూడా యూజీసీ 2023 చివర హెచ్చరించింది. ఆ ఏడాదికి, ఆ కోర్సుకు, ఆ విశ్వవిద్యాలయానికి అనుమతి ఉందో లేదో దూరవిద్యా బ్యూరో వెబ్‌సైట్‌లో చూడటం అయిదు నిమిషాల పని. విశ్వవిద్యాలయం అసలుదే కావచ్చు, ఆ కోర్సుకు అనుమతి లేకపోవచ్చు. చాలామంది పొరపడేది ఇక్కడే.

లక్ష దాటే ఫీజున్న ఆన్‌లైన్ ఎంబీఏలను ఫోన్లో అమ్మేవాళ్లది ఇంకో తీరు. కోర్సు అసలుదే అయి ఉంటుంది. కానీ "ఇప్పుడేం కట్టక్కర్లేదు, నెలనెలా కట్టండి" అని చెప్పి ఒక ఫైనాన్సు కంపెనీ అప్పు మీద వేలిముద్ర వేయించుకుంటారు. వడ్డీ లేదని నోటితో అంటారు, కాగితం మీద ప్రాసెసింగ్ ఫీజు, ఆలస్య రుసుం వేరే ఉంటాయి. చదువు మధ్యలో మానినా అప్పు మానదు. జీతం వస్తున్న అగ్నివీరుడు వీళ్లకు మంచి బేరం. జీతంలోంచే సెమిస్టరుకు సెమిస్టరు నేరుగా కట్టుకోగలిగిన చదువు ఇగ్నోలో ఉండగా, అప్పు చేసి కొనాల్సిన అవసరం ఏమీ లేదు.

ఫోను విషయం కూడా చెప్పాలి. సర్వీసులో ఉన్నవాడు ఏ కోర్సులో చేరినా కమాండింగ్ ఆఫీసరు అనుమతితోనే చేరాలి. 2020 జులైలో సైన్యం ఫేస్‌బుక్ సహా 89 యాప్‌లను ఫోన్ల నుంచి తీసేయమని ఆదేశించింది. చదువు పేరుతో వచ్చే ప్రతి యాప్‌నూ వేసుకోకూడదు. అడ్మిషన్ ఫారంలో, వాట్సాప్ గ్రూపులో, పరిచయం చెప్పుకునేటప్పుడు యూనిట్ పేరు, పోస్టింగు చోటు రాయకూడదు. చిరునామా అంటే ఏలూరు ఇంటి చిరునామా ఇస్తే సరిపోతుంది. ఇంట్లోవాళ్లు కూడా "మావాడు ఫలానా చోట ఉన్నాడు" అని స్టేటస్ పెట్టకుండా ఉంటే మంచిది.

పరీక్షా, పండగా

ఇగ్నో పరీక్షలు ఏడాదికి రెండుసార్లు, జూన్‌లో, డిసెంబరులో. ప్రవేశాలు జనవరిలో, జులైలో. పరీక్షకు ముందు అసైన్‌మెంట్లు ఇవ్వాలి. ఎక్కువ కోర్సుల్లో 30 శాతం మార్కులు వాటివే. రాత్రి డ్యూటీ తర్వాత రెండు పేజీల చొప్పున రాసుకున్నా పూర్తయ్యే పని ఇది. ఫెయిలయ్యేవాళ్లలో చాలామంది పరీక్ష రాయలేక కాదు, ఇవి టైముకు పంపక.

2026, 2027, 2028 మూడేళ్లూ బక్రీద్ మే నెలలోనే వస్తుంది. అమ్మీ "ఈద్‌కు రారా బేటా" అంటుంది, ముప్ఫై రోజుల సెలవులో సగం అక్కడే అయిపోతుంది, పది రోజులు తిరక్కుండానే జూన్ పరీక్షలు. ఇలాంటప్పుడు ఇంటికి వచ్చేటప్పుడే పుస్తకాలు తెచ్చుకోమని చెప్పాల్సింది ఇంట్లోవాళ్లే. కుర్రాడు వస్తే చుట్టాలందరి ఇళ్లకూ తిప్పడం ఇక్కడి మర్యాద. రోజుకు మూడు గంటలు అతన్ని వదిలేస్తే ఎవరూ ఏమీ అనుకోరు. సాధారణ డిగ్రీకి ఇగ్నో ఆరేళ్ల వరకు గడువు ఇస్తుంది కాబట్టి ఒక పరీక్ష తప్పితే మునిగిపోయేదేమీ లేదు. కానీ సర్వీసు పూర్తయ్యాక మిగిలిన పేపర్లు రాస్తానన్నవాళ్లలో ఎంతమంది రాస్తారో ప్రతి కుటుంబానికీ తెలుసు.

చెరువు గట్టు మీద డిగ్రీ ఎందుకు

"చేపల చెరువు చూసుకోవడానికి బీకాం ఎందుకురా?" అని కొల్లేరు చుట్టూ ఏ పెద్దాయనైనా అడుగుతాడు. న్యాయమైన ప్రశ్నే. నీళ్ల రంగు చూసి చేపకు ఏమైందో చెప్పడం ఏ పుస్తకంలోనూ లేదు.

కానీ నష్టం వచ్చేది నీళ్లలో కన్నా లెక్కల్లోనే ఎక్కువ. ఒక కుర్రాడు సేవా నిధితో తిరిగి వచ్చి చెరువు లీజుకు తీసుకున్నాడనుకుందాం. లీజు ముందే కట్టాలి. బొచ్చె, శీలావతి పిల్లలు వేయాలి. తవుడు, వేరుశనగ చెక్క నెలనెలా పోస్తూనే ఉండాలి. చేప ఎదిగి పట్టుబడికి వచ్చేదాకా, దాదాపు ఏడాది, చేతికి పైసా రాదు. మొత్తం డబ్బంతా లీజుకే పెట్టేసినవాడు ఆరో నెలలో మేత కోసం అప్పు చేస్తాడు. అప్పిచ్చినవాడే చేప కొంటాడు, ధర కూడా అతనే చెబుతాడు. కోల్‌కతాకు ఐసు వేసుకుని వెళ్లిన లారీలో సరుకు ఇతనిది, లాభం ఇంకొకరిది. బీకాంలో వర్కింగ్ క్యాపిటల్ అని ఒక పాఠం ఉంటుంది. పెట్టుబడి పెట్టిన రోజుకీ డబ్బు తిరిగొచ్చే రోజుకీ మధ్య బతకడానికి చేతిలో ఎంత ఉంచుకోవాలి అన్నదే ఆ పాఠం. చెరువు పెద్దాయనకు అది అనుభవంతో తెలుసు. పాతికేళ్ల కుర్రాడికి పదకొండు లక్షలు పోగొట్టుకుంటే గానీ తెలియదు, పుస్తకంలో అయితే కాస్త చవగ్గా తెలుస్తుంది.

రెండో ప్రమాదం చట్టానిది. కొల్లేరును 1999లో వన్యప్రాణి అభయారణ్యంగా ప్రకటించారు. అయిదో కాంటూరు లోపలి 308 చదరపు కిలోమీటర్లు దాని పరిధి. 2002లో రామ్‌సర్ జాబితాలోకి వెళ్లింది. ఆ పరిధిలోని చేపల చెరువుల గట్లను 2006లో కొల్లేరు ఆపరేషన్ పేరుతో కొట్టేశారు. అప్పుడు లీజు డబ్బులు పోగొట్టుకున్నవాళ్లు ఈ ఊళ్లలో ఇప్పటికీ ఉన్నారు. "మన మామూ చెరువే, కాగితాలు అక్కర్లేదు" అని సేవా నిధి పోసేముందు ఆ చెరువు కాంటూరు లోపలా, బయటా అన్నది సర్వే నంబరుతో చూసుకోవాలి. కాంట్రాక్టు చట్టం బీకాంలో ఒక పేపరు. లీజు కాగితంలో ఏ మాట ఉండాలో, ఏది లేకపోతే కోర్టులో నిలబడదో అందులో ఉంటుంది.

ఏలూరు తివాచీల సంగతీ అంతే. పర్షియా నుంచి వచ్చి స్థిరపడిన కుటుంబాలతో ఈ పని ఏలూరుకు వచ్చిందని చరిత్ర. తంగెళ్లమూడి వైపు మగ్గాల మీద ముస్లిం కుటుంబాలు తరాల తరబడి ఉన్ని ముడులు వేస్తూ వచ్చాయి. సరుకు విదేశాలకు పోయింది. ముడి వేసిన చేతికి కూలి, అమ్మిన చేతికి లాభం. ఎగుమతి కాగితాలు, జీఎస్టీ, విదేశీ కొనుగోలుదారుతో ఇంగ్లీషులో ఉత్తరం, ఇవి తెలిసినవాడు ఇంట్లో ఒక్కడుంటే ఆ మధ్యవర్తి వాటా కొంతైనా మగ్గం దగ్గర ఆగేది. తాజా చేపకు జీఎస్టీ లేదు, తివాచీకి ఉంది. ఈ చిన్న తేడా తెలియకుండా వ్యాపారం మొదలుపెట్టేవాళ్లు కూడా ఉన్నారు.

ఒక హెచ్చరిక మాత్రం గట్టిగా చెప్పాలి. సర్వీసులో ఉండగా వ్యాపారం చదవొచ్చు, వ్యాపారం చేయకూడదు. అన్న పేరుమీద చెరువు, అగ్నివీరుడి జీతం పెట్టుబడి అన్న ఏర్పాటు బయటపడితే ముందు పోయేది ఉద్యోగం.

అంత తొందర లేని ఇంకో దారి కూడా ఉంది, వడ్డీ లేని దారి కావాలనుకునేవాళ్లకు అదే దగ్గర. సేవా నిధిని ఒకేసారి ఎక్కడా పోయకుండా, అనుభవమున్న మేనమామతోనో పొరుగువాడితోనో లాభనష్టాల్లో వాటా చొప్పున చిన్న భాగస్వామ్యం. ముషారకా అని ఫిఖ్‌హ్‌లో చెప్పేదీ, బీకాంలో పార్ట్‌నర్‌షిప్ అకౌంట్లలో నేర్పేదీ చాలావరకు ఒకే లెక్క. ఎవరి వాటా ఎంత, నష్టం వస్తే ఎవరు ఎంత భరించాలి, ఎప్పుడు విడిపోవాలి అన్నది కాగితం మీద పెట్టడం రెండింట్లోనూ మొదటి షరతు. చుట్టరికం చెడేది ఆ కాగితం లేకనే.

ఎంబీఏ, మాజీ సైనికుడి సర్టిఫికెట్

డిగ్రీ పూర్తయ్యాక ఎంబీఏ. ఇగ్నో ఎంబీఏకు ఇప్పుడు ప్రవేశ పరీక్ష లేదు. డిగ్రీలో జనరల్ వాళ్లకు 50, రిజర్వుడు వర్గాలకు 45 శాతం మార్కులు కావాలి. రెండేళ్ల కోర్సు, నాలుగేళ్ల వరకు గడువు. అగ్నివీరుడు సర్వీసులో ఉండగా దీనికి తొందరపడక్కర్లేదు, ఒక ఏడాది వ్యాపారమో ఉద్యోగమో చేశాక చదివితేనే ఆ పాఠాలు ఒంటపడతాయి. పాత పద్ధతిలో చేరి పింఛనుకు దగ్గరపడ్డ హవల్దార్లు, నాయబ్ సుబేదార్లకు మాత్రం ఇదే సమయం. రిటైరయ్యేముందు పునరావాస డైరెక్టరేటు నడిపే కోర్సుల గురించి యూనిట్లోనే అడగాలి. ఏలూరులోని జిల్లా సైనిక సంక్షేమ కార్యాలయంలోనూ వివరాలు దొరుకుతాయి.

పాత ఫౌజీలలో ఒక అపోహ ఉంది. పదో తరగతితో పదిహేనేళ్లు సర్వీసు చేసినవాళ్లను కొన్ని గ్రూప్-సి ఉద్యోగాలకు డిగ్రీతో సమానంగా చూస్తారు, దానికి సర్టిఫికెట్ కూడా ఇస్తారు. "నాకు డిగ్రీ ఉంది" అని వాళ్లు చెప్పుకునేది దాన్నే. ఆ కాగితం ఉద్యోగ దరఖాస్తు కోసం. అది విశ్వవిద్యాలయం ఇచ్చిన డిగ్రీ కాదు. ఎంబీఏ కోసం చూస్తే ముందు బీకాం దగ్గర నుంచే మొదలుపెట్టాలి. నాలుగేళ్లకే బయటకు వచ్చే అగ్నివీరుడికి ఆ పదిహేనేళ్ల సర్టిఫికెట్ ఎలాగూ రాదు.

మదరసాలో ఆలిమ్ చదివిన పిల్లలకు ఈ డిగ్రీతో ఇంకో తలుపు ఉంది. సైన్యం మతబోధకులను జూనియర్ కమిషన్డ్ ఆఫీసర్లుగా తీసుకుంటుంది. అందులో మౌల్వీ పోస్టుకు అరబిక్‌లో మౌల్వీ ఆలిమ్ గానీ ఉర్దూలో అదీబ్ ఆలిమ్ గానీ ఉండాలి, దాంతోపాటు ఏదైనా సబ్జెక్టులో డిగ్రీ ఉండాలి. 25 ఏళ్లు నిండాలి. మదరసా చదువు ఉండి, డిగ్రీ లేక దరఖాస్తు పెట్టలేకపోతున్నవాళ్లకు ఇగ్నోలోనో, ఉర్దూ విశ్వవిద్యాలయంలోనో మూడేళ్లు సరిపోతాయి. నోటిఫికేషన్ సైన్యం అధికారిక నియామకాల వెబ్‌సైట్‌లోనే వస్తుంది, దరఖాస్తు కూడా అక్కడే, మధ్యలో ఎవరికీ పైసా ఇవ్వక్కర్లేదు.